పన్ను తీయించుకున్నాక ఏం తినాలి: గంజి, జ్యూసులతో సరిపెట్టకండి

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్ళు, బరువు 58 కిలోలు. షుగర్‌కు మాత్రలు వాడుతుంది. వచ్చే వారం కింది దవడలో కుడివైపు రెండు దవడ పళ్ళు సర్జరీ చేసి తీస్తామన్నారు, కుట్లు పడతాయట. ఇదివరకు ఎడమవైపు ఒక పన్ను తీసినప్పుడు నొప్పికి భయపడి నాలుగు రోజులు గంజి, పళ్ళ రసాలు, ఐస్‌క్రీంతోనే గడిపింది. చివరికి ఒకరోజు పొద్దున కళ్ళు తిరిగి కూలబడింది. షుగర్ చూస్తే 64 ఉంది. ఈసారి అలా జరగకూడదు. "మెత్తటివి పెట్టండి" అని డాక్టర్ గారు చెప్పారు గానీ ఏవేవి, ఎంతెంత, ఎన్నాళ్ళు అన్నది తెలియడం లేదు. పప్పు, గుడ్డు పెడితే గాయం చీము పడుతుందని బంధువులు అంటున్నారు. అమ్మ గుడ్లు తింటుంది, మాంసం, చేపలు ముట్టదు. స్ట్రాతో తాగించవచ్చా?

సమాధానం: పోయినసారి అమ్మగారు ఎందుకు కూలబడ్డారో మీ ఉత్తరంలోనే ఉంది. గ్లాసుడు పల్చటి గంజికి రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి పడుతుంది, అంటే సుమారు 20 గ్రాములు. దానితో వచ్చేది 70 కేలరీలు, ఒకటిన్నర గ్రాముల ప్రోటీన్. రోజుకు ఆరు గ్లాసులు తాగించినా 420 కేలరీలు, 9 గ్రాముల ప్రోటీన్ దాటదు. పళ్ళ రసంలో చక్కెర తప్ప ప్రోటీన్ ఉండదనే అనుకోవచ్చు. షుగర్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుని ఉంటారు. రసం తాగగానే షుగర్ పైకి లేస్తుంది, కొన్ని గంటలకు జారిపోతుంది, రాత్రంతా కడుపు ఖాళీ. పొద్దునకు 64కు దిగడంలో వింతేమీ లేదు.

కోసి కుట్టిన చిగురు అతుక్కోవాలంటే శరీరం అక్కడ కొత్త కండను కట్టాలి. దానికి ముడిసరుకు ప్రోటీన్. దాన్ని పేనడానికి విటమిన్ సి, జింక్ కావాలి. గాయం మానుతున్న రోజుల్లో కిలో బరువుకు సుమారు 1.2 గ్రాముల ప్రోటీన్ అందేలా చూస్తే మంచిది. 58 కిలోల మనిషికి అది రోజుకు 70 గ్రాములు. అమ్మగారికి కిడ్నీ సమస్య ఉంటే ఈ లెక్క వర్తించదు, ఎంత పెట్టాలో డాక్టర్‌నే అడగండి. దానితోపాటు 1400 నుంచి 1500 కేలరీలు, ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల ద్రవాలు లోపలికి వెళ్ళాలి. చిక్కల్లా నోరు సరిగ్గా తెరుచుకోకపోవడంతోనే వస్తుంది. పది చెంచాలకే చాలంటారు. కాబట్టి ఆ పది చెంచాల్లోనే సత్తువ ఉండాలి. మెత్తగా, నున్నగా ఉండాలి, కానీ నీళ్ళలా ఉండకూడదు.

ముందు బంధువుల మాట సంగతి చూద్దాం. గాయం చీము పట్టేది బ్యాక్టీరియా వల్ల. పప్పుకూ గుడ్డుకూ దానితో సంబంధం లేదు. పైగా మాంసం, చేపలు ముట్టని మనిషికి అవి రెండూ మానేస్తే గాయం మానడానికి మిగిలేది పాలూ పెరుగూ మాత్రమే. జాగ్రత్త పడాల్సింది పప్పు పొట్టు విషయంలో. పన్ను తీసిన గుంటలో పొట్టు, గింజ, పొడిపొడి తునక ఇరుక్కుంటే అక్కడే కుళ్ళి వాసన వస్తుంది, నొప్పి పెడుతుంది. పొట్టు తీసిన పప్పును మెత్తగా ఉడికించి వడకడితే ఆ బాధ ఉండదు.

ఇక స్ట్రా వద్దు, కనీసం వారం రోజులు. పన్ను తీయగానే ఆ గుంటలో రక్తం గడ్డకట్టి నిలుస్తుంది. కింది ఎముకకూ నరాలకూ అదే కప్పు. స్ట్రాతో పీల్చినప్పుడు నోట్లో గాలి ఒత్తిడి తగ్గి ఆ గడ్డ ఊడి వచ్చే ప్రమాదం ఉంది. గట్టిగా ఉమ్మినా, బలంగా పుక్కిలించినా, పొగ పీల్చినా ఇదే. మూతిపెట్టి పీల్చే సిప్పర్ సీసాలు కూడా ఈ జాబితాలోవే. గడ్డ ఊడితే ఎముక బయటపడుతుంది. డ్రై సాకెట్ అంటారు దాన్ని. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య చెవిదాకా పాకే నొప్పి, నోటి దుర్వాసన మొదలవుతాయి. కింది దవడ పళ్ళకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ, కాబట్టి మీ అమ్మగారి విషయంలో పట్టుదలగా ఉండండి. ఏది తాగినా గ్లాసు అంచు నుంచి చిన్న గుక్కలుగా తాగాలి, లేదా చెంచాతో పట్టాలి. పెద్ద చెంచా నోట్లో దూరదు. పిల్లలకు తినిపించే చిన్న చెంచా ముందే సిద్ధంగా పెట్టుకోండి.

సర్జరీ రోజు. ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి చేసేటట్టయితే, డాక్టర్ వద్దని చెప్పకపోతే, ముందు మామూలుగా తిని వెళ్ళవచ్చు. ఖాళీ కడుపుతో వెళ్తే షుగర్ మాత్రలు వాడేవారికి అక్కడే కళ్ళు తిరగవచ్చు. నిద్రమత్తు ఇచ్చే పనైతే ఎన్ని గంటల ముందు తినడం ఆపాలో, ఆ పూట షుగర్ మాత్ర వేసుకోవాలో వద్దో ముందు రోజే అడిగి రాసుకోండి. ఇంటికి వచ్చాక, కొరికి పట్టుకోమన్న దూదిని వాళ్ళు చెప్పిన సమయానికి తీసేసి, మొద్దుబారిన పెదవి, నాలుక మామూలయ్యేదాకా నమిలేది ఏదీ పెట్టకండి. కింది దవడకు ఇచ్చిన మత్తు పూర్తిగా దిగడానికి మూడు నుంచి ఐదు గంటలు పట్టవచ్చు. ఆ లోపల తింటే బుగ్గను, నాలుకను తామే కొరుక్కుంటారు, తెలియను కూడా తెలియదు. వేడి కూడా తెలియదు కాబట్టి నోరు కాలుతుంది. ఆకలి వేస్తే చల్లటి పాలు, పల్చగా చిలికిన పెరుగు చెంచాతో ఇవ్వండి.

మొదటి 24 గంటలు అన్నీ చల్లగా గానీ, గది వేడిమిలో గానీ ఉండాలి. వేడి తగిలితే రక్తనాళాలు వెడల్పై రక్తం మళ్ళీ కారుతుంది. మర్నాటి నుంచి గోరువెచ్చగా ఇవ్వవచ్చు. మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసి చూడండి, వేడి అనిపించకూడదు. ఐస్‌క్రీం తప్పు కాదు. గింజలు, చాక్లెట్ ముక్కలు, బిస్కట్ తునకలు లేనిదైతే మొదటి రోజు రెండు మూడు చెంచాలు హాయిగా ఉంటుంది. దాన్ని భోజనం కింద జమకట్టకండి.

షుగర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఇందులో పొరపాటు జరిగితే మెత్తటి తిండి ఎంత బాగా వండినా లాభం లేదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు మనిషి తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతూనే ఉంటాయి, ఇన్సులిన్ కూడా అంతే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం చాలా తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతుంటే ఇబ్బంది వేరేగా ఉంటుంది. తిండి బాగా తగ్గినప్పుడు రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది, అప్పుడు షుగర్ అంత ఎక్కువ లేకపోయినా ఒళ్ళు పాడవుతుంది. అందుకని సర్జరీకి ముందే మాత్రల చీటీ పట్టుకుని షుగర్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. తిండి సగమైతే ఏ మాత్ర తగ్గించాలి, ఏది ఆపాలి అన్నది ఆయన చెప్పాలి. మీరుగా మార్చకండి, మీరుగా ఆపకండి.

మొదటి వారం రోజుకు నాలుగుసార్లు షుగర్ చూడండి: మూడు పూటలా తినబోయే ముందు, రాత్రి పడుకునే ముందు. 70 కంటే తగ్గితే మూడు చిన్న చెంచాల చక్కెర అర గ్లాసు నీళ్ళలో కరిగించి గుక్కలుగా తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే అంతే మళ్ళీ ఇవ్వాలి. పైకి వచ్చాక పాలో పెరుగన్నమో పెట్టాలి, లేకపోతే గంటలో మళ్ళీ పడిపోతుంది. 250 దాటి దిగకుండా ఉంటే షుగర్ డాక్టర్‌కు ఫోన్ చేయండి. షుగర్ ఎక్కువగా ఉన్నంతకాలం గాయం ఆలస్యంగా మానుతుంది, ఇన్ఫెక్షన్ కూడా తొందరగా సోకుతుంది. రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టడమే దీనికి మంచి దారి.

ఇప్పుడు వంటింట్లోకి. సర్జరీ ముందు రోజు చేసిపెట్టుకోదగ్గవి రెండు ఉన్నాయి: గడ్డపెరుగు, ఓట్స్ పొడి. అర కిలో తాజా పెరుగును శుభ్రమైన పల్చటి గుడ్డలో మూటకట్టి, గిన్నె మీద జల్లెడలో పెట్టి, ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు వదిలేయండి. నీరంతా దిగి 200 నుంచి 250 గ్రాముల చిక్కటి గడ్డ మిగులుతుంది. 100 గ్రాముల మామూలు పెరుగులో మూడు నాలుగు గ్రాముల ప్రోటీన్ ఉంటే ఇందులో ఏడెనిమిది ఉంటుంది. అవే చెంచాలు, రెట్టింపు బలం. బయట కట్టి వేలాడదీస్తే పులుస్తుంది, పులుపు కుట్లకు మండుతుంది, అందుకే ఫ్రిజ్‌లో పెట్టమంటున్నాం. ఓట్స్‌ను మిక్సీలో మెత్తగా పొడి కొట్టి డబ్బాలో పోసుకోండి. అలాగే ఉడికిస్తే రేకులు గుంటలో అతుక్కుంటాయి.

పాల బలం పెంచడం అన్నిటికన్నా తేలిక. అర లీటరు గోరువెచ్చటి పాలలో నాలుగు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి కలపండి. ముందు కొద్ది పాలలో పొడిని పేస్టులా కలిపి, తర్వాత మిగతా పాలు పోస్తే ఉండలు కట్టవు. ఈ అర లీటరులో 26 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. ఓట్స్ జావకు, బంగాళదుంప ముద్దకు, గుడ్డుకు, సూపుకు నీళ్ళ బదులు ఇవే పోయండి. పాలు పడనివాళ్ళు సోయా పాలు వాడుకోవచ్చు. బాదం పాలలో ప్రోటీన్ చాలా తక్కువ, పేరు చూసి మోసపోవద్దు.

గుడ్డు రెండు రకాలుగా చేయవచ్చు. మొదటిది ఆవిరి మీద. రెండు గుడ్లు గిలక్కొట్టి, 150 మిల్లీలీటర్ల గోరువెచ్చటి పాలు, చిటికెడు ఉప్పు కలిపి వడకట్టండి. వడకడితే తెల్లసొన తీగలు పోయి నున్నగా వస్తుంది. గిన్నెకు మూతపెట్టి సన్నటి మంట మీద 10 నుంచి 12 నిమిషాలు ఆవిరికి ఉడికించండి. గిన్నెను కదిపితే మొత్తం ఒక్కటిగా వణకాలి, మధ్యలో నీళ్ళలా పారకూడదు. మంట ఎక్కువైతే లోపల చిల్లులు పడి, నీరు విడిచి, రబ్బరులా అవుతుంది, అలాంటిది మింగడం కష్టం. రెండోది పొరటు: వెన్న వేసి సన్నటి మంట మీద ఆపకుండా కలుపుతూ, ఇంకా తేమగా ఉండగానే దించేయాలి, పెనం వేడికి మిగతాది ఉడుకుతుంది. ఎండిపోయిన పొరటు పొడిపొడిగా రాలి గుంటలోకి పోతుంది. పచ్చి గుడ్డు పాలలో కొట్టి ఇవ్వడం మాత్రం ఈ వయసులో, ఈ గాయంతో వద్దు. దాని నుంచి సోకే జ్వరాలు, విరేచనాలు ఇప్పుడు భరించగలిగేవి కావు.

పప్పుకు పొట్టు తీసిన పెసరపప్పు గానీ ఎర్ర కందిపప్పు గానీ మంచిది, ఇవి తొందరగా మెదుగుతాయి. 50 గ్రాములు, అంటే చిన్న కప్పులో సగం, అరగంట నానబెట్టి నాలుగింతల నీళ్ళతో కుక్కర్‌లో బాగా మెత్తగా ఉడికించండి. వెనిగర్, చింతపండు, నిమ్మరసం లాంటి పులుపు ముందు వేస్తే పప్పు ఉడకదు, ఎలాగూ ఈ రోజుల్లో పులుపు అక్కర్లేదు. ఉడికాక కాస్త చల్లారనిచ్చి మిక్సీ వేయండి. పొగలు కక్కేదాన్ని జార్‌లో పోసి మూత బిగిస్తే ఆవిరికి మూత ఎగిరి మీద పడుతుంది. జల్లెడ పట్టి, రెండు చిన్న చెంచాల వెన్న గానీ నెయ్యి గానీ కలపండి. దానితోనే 80, 90 కేలరీలు చేరతాయి. పసుపు, ఉప్పు సరే. ఆవాలు, జీలకర్ర, మిరియాలు ఏవీ గింజలుగా తగలకూడదు. 50 గ్రాముల పప్పులో 12 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, దాన్ని పల్చన చేసి కట్టులా పైపైన వంచితే మాత్రం అడుగున ఉన్న బలమంతా గిన్నెలోనే మిగిలిపోతుంది.

అన్నం ఒకటికి ఐదు పాళ్ళ నీళ్ళతో ముద్దగా ఉడికించి, వేడిగా ఉండగానే గరిట వీపుతో మెదపండి. మెతుకు మెతుకుగా ఉన్న అన్నం, ఎంత మెత్తగా ఉన్నా, గుంటలో దూరే వాటిలో ముందుంటుంది. చల్లారేకొద్దీ గట్టిపడి జిగురుగా అవుతుంది కాబట్టి తినే ముందు గోరువెచ్చటి పాలతో పలచబరిచి పప్పులోనో గడ్డపెరుగులోనో కలపండి.

బంగాళదుంపను మిక్సీలో వేయకండి. బ్లేడు దెబ్బకు దాంట్లోని పిండి బయటికి వచ్చి జిగురులా సాగుతుంది, అంగిలికి అంటుకుంటుంది. బాగా ఉడికించి, జల్లెడ మీద చేత్తో రుద్ది దించి, పాలపొడి కలిపిన పాలు, వెన్న కలిపితే నున్నటి ముద్ద అవుతుంది. గుమ్మడి, క్యారెట్, సొరకాయ మిక్సీ వేసినా ఇబ్బంది లేదు. వీటి సూపులో 30 గ్రాముల పనీర్ కలిపి రుబ్బితే ఐదారు గ్రాముల ప్రోటీన్ అదనం. పనీర్‌ను చిదిమి అలాగే పెట్టవద్దు, రవ్వలా రాలుతుంది. టోఫూలో మెత్తటి రకం ఉంటుంది, దాన్ని నేరుగా చెంచాతో తినిపించవచ్చు.

పళ్ళలో ఈ వారానికి బాగా సరిపోయేది బాగా పండిన బొప్పాయి. పులుపు లేదు, గింజ తీసేస్తే నాలుకతోనే నలుగుతుంది, 100 గ్రాముల్లో 60 మిల్లీగ్రాముల దాకా విటమిన్ సి ఉంటుంది. దోరకాయ వద్దు, దాని పాలు గాయానికి మండుతాయి. మామిడి, మెదిపిన అరటి, ఉడికించి గుజ్జు చేసిన యాపిల్ కూడా మంచివే. షుగర్ ఉంది కాబట్టి ఒక్కసారికి 100 గ్రాములు మించకుండా, పెరుగుతో కలిపి పెట్టండి. రసం తీస్తే పీచు పోయి షుగర్ ఒక్కసారిగా లేస్తుంది. నారింజ, నిమ్మ, అనాస, టమాట పులుపుకు మండుతాయి. జామ, స్ట్రాబెరీ, అంజీర, కివీ, దానిమ్మ గింజలతో వస్తాయి. నువ్వులు, చియా, అవిసె గింజలు "బలం" అని పాలలో కలుపుతున్నవాళ్ళున్నారు, ఇప్పుడు అవి అసలే వద్దు.

రెండో రోజు నుంచి అమ్మగారి రోజు ఇలా ఉండవచ్చు. పొద్దున ఏడింటికి ఒక గ్లాసు పాలు, రెండు పెద్ద చెంచాల పాలపొడితో. తొమ్మిదింటికి రెండు గుడ్ల ఆవిరి కుడుము. పదకొండున్నరకు 100 గ్రాముల గడ్డపెరుగు, అంతే బొప్పాయి గుజ్జు. ఒకటిన్నరకు 40 గ్రాముల బియ్యం, 50 గ్రాముల పప్పుతో చేసిన ముద్ద, రెండు చెంచాల వెన్న. నాలుగున్నరకు పనీర్ కలిపిన గుమ్మడి, బంగాళదుంప సూపు. ఎనిమిదింటికి 30 గ్రాముల ఓట్స్ పొడితో పాలలో కాచిన జావ. ఇదంతా కలిపితే 70 గ్రాములకు దగ్గరగా ప్రోటీన్, సుమారు 1450 కేలరీలు వస్తాయి. పూటకు సగం కూడా తినలేకపోతే ఆ మిగిలింది గంటన్నర తర్వాత పెట్టండి, పారేసి కొత్త పూట దాకా ఆగకండి. మధ్యమధ్య నీళ్ళు తాగిస్తూ ఉండండి. మూత్రం ముదురు పసుపుగా, తక్కువగా వస్తుంటే నీళ్ళు చాలడం లేదని అర్థం.

మాత్రలూ తిండీ కలిసే చోట రెండు మూడు చిక్కులున్నాయి. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపు మండుతుంది, కనీసం ఒక కప్పు పెరుగో జావో పడ్డాక వేయండి. యాంటీబయాటిక్ మాత్రల్లో అమాక్సిసిలిన్‌కు పాలు, పెరుగు అడ్డు కావు. డాక్సిసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి రాస్తే మాత్రం పాలలోని క్యాల్షియం వాటిని ఒంటికి పట్టనివ్వదు, ఎన్ని గంటల ఎడం కావాలో మందులిచ్చేటప్పుడే అడగండి. మెట్రోనిడజోల్ వేసుకున్నన్ని రోజులు నోరంతా ఇనుము నాకినట్టు ఉంటుంది, తిండి సహించదు. అప్పుడు వెచ్చటివాటి కన్నా చల్లటి పెరుగు, పాలు నయం. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు సర్జరీ పేరు చెప్పి వాటిని సొంతంగా ఆపకూడదు. నొప్పి మాత్రలకు, పీచులేని తిండికి కలిపి మలబద్ధకం రావచ్చు. ఓట్స్, బొప్పాయి, నీళ్ళు దానికి సరిపోతాయి.

24 గంటలు దాటాక, తిన్న ప్రతిసారీ ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి నోట్లో పోసుకోవాలి. గుడగుడలాడించి ఉమ్మకూడదు. తలను మెల్లగా అటూ ఇటూ వంచి, నోరు తెరిచి నీళ్ళను వాటంతట అవే కారిపోనివ్వాలి. గుంటలో తెల్లగానో పసుపుగానో పొర కనిపిస్తుంది. చాలామంది అది అన్నం అనో చీము అనో అనుకుని పుల్లతో, దూదితో గీకేస్తారు. అది మానుతున్న గాయం మీద సహజంగా ఏర్పడే పొర, గీకితే మళ్ళీ మొదటికి వస్తుంది. నిజంగానే తిండి ఇరుక్కుంటే ఉప్పునీళ్ళు చాలు. చిన్న సిరంజితో కడగడం ఎప్పటి నుంచో, ఎలాగో డాక్టర్ చూపించాకే మొదలుపెట్టండి.

ఇది చదువుతున్నవారిలో వేరే రకం సర్జరీ అయినవారికి ఒక మాట. ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) పెట్టించుకున్నవాళ్ళు నొప్పి పోయిందని పదో రోజుకే ఆ వైపు నమలకూడదు, ఎముక దాన్ని పట్టుకోవడానికి నెలలు పడుతుంది. చిగురు అతికించినవాళ్ళకు ఆ అతుకు కదలకుండా ఉండటమే ముఖ్యం, అంగిలి నుంచి ముక్క తీసి ఉంటే అక్కడా గాయం ఉంటుంది కాబట్టి గరుకువి అస్సలు కూడవు. రూట్ కెనాల్‌కు ఇంత కట్టడి అక్కర్లేదు, క్యాప్ వేసేదాకా ఆ పంటితో గట్టివి కొరక్కపోతే చాలు.

వాపు రెండు మూడు రోజులకు పెరిగి ఆ తర్వాత తగ్గుముఖం పట్టాలి. మూడో రోజు తర్వాత కూడా పెరుగుతుంటే, జ్వరం 100.4 దాటితే, మొదట తగ్గిన నొప్పి మళ్ళీ తిరగబెట్టి చెవిలోకి పోటు వేస్తుంటే, శుభ్రమైన దూది అరగంట కొరికి పట్టుకున్నా రక్తం ఆగకపోతే, మర్నాటికి కూడా పెదవి మొద్దుగానే ఉంటే డాక్టర్‌కు ఫోన్ చేయండి. నీళ్ళు కూడా మింగలేకపోయినా, ఊపిరి ఆడటం కష్టమైనా, నాలుక కింద గట్టిగా ఉబ్బినా ఫోన్ కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఎన్నాళ్ళు అని అడిగారు. మొదటి రోజు చల్లటి ద్రవాలు, రెండో రోజు, మూడో రోజు వడకట్టిన నున్నటివి, నాలుగో రోజు నుంచి వారం దాకా చేత్తో మెదిపినవి. రెండో వారంలో ఎడమవైపుతో నమలడం మొదలుపెట్టవచ్చు. ఏది పెట్టవచ్చో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది: ముక్కను ఫోర్కుతో, మీ బొటనవేలి గోరు తెల్లబడేంత ఒత్తిడితో నొక్కండి. నలిగిపోయి మళ్ళీ లేవకపోతే పెట్టవచ్చు, ఎగిరినా సాగినా ఇంకా ఆగాలి. క్యాలెండరు కన్నా ఈ పరీక్షనూ, నోరు ఎంత తెరుచుకుంటోందన్నదాన్నీ నమ్మండి. కొత్తది ఒక రోజు ఒకటే చేర్చండి, నొప్పి పెడితే ఏది కారణమో తెలుస్తుంది, రెండు రోజులు వెనక్కి వెళ్ళి మళ్ళీ ప్రయత్నించవచ్చు. కారం కొద్దికొద్దిగా రెండో వారం చివర్లో చేర్చండి. చిప్స్, పాప్‌కార్న్, వేరుశనగలు, కరకరలాడే రొట్టె మాత్రం గుంట మీద చిగురు కమ్ముకునేదాకా పక్కన పెట్టాలి. అది సాధారణంగా మూడు నాలుగు వారాలు, షుగర్ అదుపులో లేకపోతే ఇంకాస్త ఎక్కువ. కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ గుంట ఎంతవరకు పూడిందో డాక్టర్ చూసి చెబుతారు, గట్టివి ఎప్పుడు మొదలుపెట్టాలో అప్పుడే అడిగి రండి.